‘కేసు కొట్టేశారు’ అంటే ఏం జరిగినట్టు?

కోర్టు నవలల్లో కుర్ర లాయరు మొదటి కేసు గెలవగానే ‘కేసు కొట్టేశారు’ అని రాస్తారు. నాలుగు ప్రకరణాలు తిరిగేసరికి అదే ముద్దాయి, అదే నేరం, మళ్లీ విచారణ! ఇది కుదురుతుందా? ఈ మాటకు కోర్టులో ఉన్న అర్థం ఒకటేనా?

— ఒకటి కాదండీ. పోలీసులే మూసేస్తే అది కొట్టివేత కాదు. మన స్టేషన్లలో ‘రిఫర్ చేశారు’ అంటారు. దాన్ని ఒప్పుకోని ఫిర్యాది మెజిస్ట్రేటు దగ్గర అభ్యంతరం తెలుపుతూ ప్రొటెస్ట్ పిటిషన్ వేసుకోవచ్చు. హైకోర్టు ఎఫ్ఐఆర్‌నే రద్దు చేస్తే క్వాష్ (కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్ఎస్ఎస్‌లో సెక్షన్ 528, పాత సీఆర్పీసీలో 482). కొట్టివేత అనే మాట దీనికి చక్కగా అతుకుతుంది.

చిక్కంతా డిశ్చార్జితోనే. ఛార్జిషీటు పడ్డాక, అభియోగాలు మోపకముందే ముద్దాయిని వదిలేయడమది. సెషన్స్ కేసుల్లో 250వ సెక్షన్ కింద, మెజిస్ట్రేటు కేసును సెషన్స్ కోర్టుకు పంపిన (కమిట్ చేసిన) 60 రోజుల్లోపు పిటిషన్ వేయాలి. ఈ గడువు 2024 జులై 1న అమల్లోకి వచ్చిన కొత్త చట్టంతో వచ్చింది. ఈ దశలో సాక్షి బోనెక్కడు, క్రాస్ ఎగ్జామినేషన్ ఉండదు, పోలీసు కాగితాల మీదే వాదన. క్రాస్‌లో సాక్షిని ఉక్కిరిబిక్కిరి చేసి డిశ్చార్జి సాధించినట్టు రాస్తే లాయర్లెవరూ ఆ పేజీ దాటరు.

సాక్ష్యమంతా నడిచాక నిర్దోషి అని తీర్పిస్తే, ఆ తీర్పు నిలిచి ఉన్నంతకాలం అదే నేరానికి మళ్లీ విచారణ లేదు (సెక్షన్ 337). డిశ్చార్జి ఈ లెక్కలోకి రాదని ఆ సెక్షన్ వివరణలోనే ఉంది. కాబట్టి మీరు చెప్పిన కథలో మొదట జరగాల్సింది డిశ్చార్జి, ఆ తర్వాత కొత్త సాక్ష్యం దొరకడం.

— నిర్దోషి తీర్పుకు మనకు మంచి మాటే ఉంది: ‘కేసు వీగిపోయింది’. సాక్షులు ఎదురు తిరిగి ప్రాసిక్యూషన్ నిలబడలేకపోతే ఇదే రాయాలి. ‘కొట్టేశారు’లో జడ్జి చేసిన పని కనబడుతుంది, ‘వీగిపోయింది’లో కేసే నీరుగారిపోవడం కనబడుతుంది. ఉత్త ‘విడుదల’ మాత్రం వద్దు. బెయిలు మీద వచ్చినా విడుదలే కదా! ‘నిర్దోషిగా విడుదల’ అని పూర్తిగా రాయాలి.

— సివిల్ వైపు ‘దావా ఖర్చులతో కొట్టివేయడమైనది’ అంటే వాది ఓడినట్టు. అక్కడ ఈ మాటతో ఏ గందరగోళమూ లేదు.

— 337 గురించి పైన చెప్పినదానికి ఒక్క సవరణ. నిర్దోషి తీర్పు మీద బాధితులు అప్పీలుకు వెళ్లొచ్చు (సెక్షన్ 413). అప్పీలు కోర్టు ఆ తీర్పును పక్కనపెట్టి పునర్విచారణకు పంపవచ్చు కూడా. రచయితకు ఈ దారీ ఉంది. అప్పుడు ‘కేసు మళ్లీ తెరిచారు’ అనకూడదు, ‘తీర్పు రద్దు చేసి కింది కోర్టుకు తిప్పి పంపారు’ అనాలి.