అప్‌డేట్: గ్రోస్ రాడెన్ వెళ్లొచ్చాను

ఉత్తర జర్మనీలో ఇప్పుడు ఎక్కువగా జర్మన్లే కదా, ఒకప్పుడు అక్కడున్న స్లావ్ జనం (రష్యన్లు, పోలిష్ వాళ్ల భాషా కుటుంబం) ఊళ్లు ఎలా ఉండేవో కళ్లతో చూడగలిగే చోటు ఉందా అని ఇంతకుముందు అడిగాను. మెక్లెన్‌బుర్గ్‌లో స్టెర్న్‌బెర్గ్ పక్కనున్న గ్రోస్ రాడెన్ పేరు చెప్పినవాళ్లకి చాలా థాంక్స్.

9, 10 శతాబ్దాల్లో అక్కడ ఓబోద్రీతులనే స్లావ్ తెగల కూటమికి చెందిన వార్నోవులు అనే తెగ ఉండేది. 1973 నుంచి 1980 దాకా పురావస్తు శాస్త్రవేత్త ఎవాల్డ్ షుల్ట్ ఆధ్వర్యంలో తవ్వకాలు జరిగాయి. చెరువు పక్క తడి నేల కావడంతో కలప కుళ్లిపోకుండా మిగిలింది. అందుకే ఇళ్లు ఎలా కట్టారో అంత వివరంగా తెలిసింది: మొదటి దశలో తడికెలల్లి మట్టి మెత్తిన చిన్న ఇళ్లు, తర్వాత దుంగలు పేర్చినవి. ఇప్పుడున్నవి ఆ ఆధారాలతో మళ్లీ కట్టినవే.

నన్ను కదలనివ్వనిది గుడి. సుమారు 11 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పు. గోడకి బయట వరసగా నిలబెట్టిన పలకల పైకొసలు మనిషి తలల్లా చెక్కి ఉన్నాయి. కళ్లూ ముక్కూ ఏమీ లేవు, తల, భుజాల ఆకారం మాత్రమే. అయినా ఎదురుగా నిలబడితే ఊరి పెద్దలంతా మనల్నే చూస్తున్నట్టు ఉంటుంది! ఆ జనం తమ గురించి ఒక్క అక్షరం రాసుకోలేదు. వాళ్ల గురించి రాసింది ఎక్కువగా వాళ్లని జయించాలనుకున్న వైపువాళ్లే. అందుకే ఈ చెక్కలు నాకంత విలువైనవిగా అనిపించాయి.

గుండ్రంగా మట్టితో పోసిన కోట గట్టు కూడా ఉంది, దాదాపు 50 మీటర్ల వ్యాసం. వెళ్తే తప్పకుండా పైకెక్కండి, చెరువు మొత్తం కనిపిస్తుంది.