‘లేదు’, ‘కాదు’: ఉనికి విచారణకు తెలుగు వాకిలి

ప్రశ్న: ఉనికిని గూర్చిన తత్త్వవిచారణను మా నెల్లూరు విద్యార్థులకు పరిచయం చేయవలసి ఉన్నది. ‘సత్త’, ‘అస్తిత్వం’ అనగానే పిల్లలు బెదురుతున్నారు. తెలుగు మాటలతోనే మొదలుపెట్టే దారి ఉన్నదా అండీ?

జవాబు: ఉన్నదండీ. వేసవిలో పెన్న వంతెన మీద నిలబడి ‘ఏట్లో నీళ్ళు లేవు’ అంటాము. ఎండకు మెరిసే ఇసుకను చూపి ‘అవి నీళ్ళు కావు’ అంటాము. మొదటి వాక్యం ఉనికిని నిరాకరిస్తున్నది, రెండవది ఒకటి మరొకటి కావడాన్ని నిరాకరిస్తున్నది. గ్రీకులో ‘ఉండు’, ‘అగు’ రెంటికీ ‘ఎయ్‌నై’ అనే ఒకే క్రియ చాలును గనుక, ‘ఉన్నది’ అనే మాట అనేక విధాల పలుకబడుతుందని అరిస్టాటిల్ పనిగట్టుకొని విడమరచవలసి వచ్చింది. మన పిల్లలకు ఆ తేడా మాటలు నేర్చిననాడే అలవడింది.

న్యాయ, వైశేషికాలనే ప్రాచీన భారతీయ దర్శనాల వారు ‘నేల మీద కుండ లేదు’ అన్నదానిని సంసర్గాభావమనీ (ఒకచోట ఒకటి లేకపోవడం), ‘కుండ బట్ట కాదు’ అన్నదానిని అన్యోన్యాభావమనీ (ఒకటి మరొకటి కాకపోవడం) వేరుచేశారు. సంస్కృతంలో రెండుచోట్లా వచ్చేది ‘న’యే కాగా, తెలుగు ఆ విభాగాన్ని క్రియలోనే నిలుపుకున్నది; నాకు దీనికంటె ఆనందం కలిగించే వ్యాకరణ విశేషం మరొకటి లేదు.

తరువాతి మెట్టు కొంచెం కఠినం. గూడబాతులు ఇంకా రాని రోజున నేలపట్టు చెరువుకు వెళ్ళినవాడు చూచేది నీటిని, చెట్లను మాత్రమే; మరి ‘పక్షులు లేవు’ అని అతడు దేనిని చూచి అంటున్నాడు? అభావమూ, అంటే లేమి కూడా, ప్రత్యక్షంగానే తెలుస్తుందని నైయాయికులు, అంటే న్యాయ దర్శనం వారు, కాదు, దానికి అనుపలబ్ధి (కనబడకపోవడం) అనే వేరే ప్రమాణం, అంటే తెలుసుకునే సాధనం, కావాలని కుమారిలభట్టును అనుసరించే భాట్ట మీమాంసకులు వాదించారు. పక్షులు అక్కడ ఉండదగినవని ముందే ఎరిగినవాడికే వాటి లేమి తోస్తుందన్నది గమనింపజేయండి.

పోతన గజేంద్రుడు ‘కలడు కలండనెడివాడు కలడో లేడో’ అన్నాడు, ‘కాడో’ అనలేదు. దేవుడెవరన్నది అతని సంశయం కాదు, ఉన్నాడా అన్నదే.

ప్రశ్న: అయితే ‘అతడు రాలేదు’ అన్నచోట ‘లేదు’ ఎందుకు వచ్చింది? అక్కడ వస్తువేదీ లేదు కదా?

జవాబు: రావడమనే సంఘటన జరగలేదని భావం. వస్తువులకే కాక సంఘటనలకూ మన భాష ఉనికిని ఒప్పుకున్నదని నా అభిప్రాయం. ‘అతడు వచ్చేవాడు కాదు’ అంటే సంగతి మారిపోతుంది. అక్కడ మాట సంఘటనను విడిచి మనిషి తీరును పట్టుకుంటుంది.