సౌతాంప్టన్‌లో కొత్త క్రూజ్ షిప్ నామకరణం: వీసాలు, పేరు తేడా, సీసా పగిలేది ఎక్కడి నుంచి కనిపిస్తుంది?

కూకట్‌పల్లి:
అమ్మానాన్నలు ఒక క్రూజ్ కంపెనీలో పాత లాయల్టీ సభ్యులు. కొత్త షిప్ నామకరణానికి మే నెలలో సౌతాంప్టన్ రమ్మని ఇద్దరికీ ఆహ్వానం వచ్చింది. వేడుక అయ్యాక అదే షిప్‌లో మూడు రాత్రులు. మధ్యలో బెల్జియంలోని జీబ్రుగ్గెలో ఆగి, మళ్లీ సౌతాంప్టన్‌కే వస్తుంది. బ్రిటన్ వీసాతో పాటు షెంగెన్ (చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే వీసా) కూడా కావాలా? ముందు దేనికి పెట్టాలి? ఇంకో చిక్కు: నాన్నగారి పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీ, ఆహ్వానంలో మాత్రం ఇంటిపేరు ఉంది. అమ్మ పట్టుచీర కట్టుకోవాలనుకుంటోంది, నామకరణంలో షిప్ ముక్కుకేసి షాంపేన్ సీసా పగలగొట్టడం కళ్లారా చూడాలనీ ఉంది.

తార్నాక:
రెండూ కావాలండీ. జీబ్రుగ్గెలో కిందికి దిగకపోయినా, షెంగెన్ వీసా లేకపోతే సౌతాంప్టన్ చెక్-ఇన్ దగ్గరే ఆపేయవచ్చు. "మేం షిప్‌లోనే కూర్చుంటాం" అన్న మాట అక్కడ చెల్లుతుందని నమ్ముకోకండి.

ముందు బ్రిటన్‌కే పెట్టండి. మీరు బెల్జియంలోకి అడుగుపెట్టేది బ్రిటన్ నుంచి, తిరిగి వెళ్లేదీ అక్కడికే. బ్రిటన్ వీసా చేతిలో ఉంటే షెంగెన్ దరఖాస్తులో "తిరిగి బ్రిటన్‌కు ఎలా వెళ్తారు?" అన్న ప్రశ్నే రాదు. బ్రిటన్ విజిటర్ వీసాకు ప్రయాణానికి 3 నెలల ముందు నుంచే పెట్టగలం, వేలిముద్రలు ఇచ్చాక మామూలుగా 3 వారాల్లో తేలుతుంది. షెంగెన్‌కు 6 నెలల ముందు నుంచి పెట్టవచ్చు. మామూలుగా 15 రోజులు, అదనపు పరిశీలన పడితే 45 రోజుల దాకా పోతుంది. లెక్క వేసుకోండి: 3 వారాలు, ఆపైన 45 రోజులు, అంటే మూడు నెలల్లో రెండు నెలల పైన ఇందులోనే పోతాయి. అందుకే 3 నెలల గడువు తెరుచుకున్న వారంలోనే బ్రిటన్ దరఖాస్తు పడాలి. షెంగెన్ స్లాట్ మాత్రం ఆ లోపే బుక్ చేసి పెట్టుకోండి. వేసవి సెలవుల ముందు హైదరాబాద్‌లో స్లాట్లు దొరకడమే కష్టం.

షిప్ ఆగే షెంగెన్ దేశం బెల్జియం ఒక్కటే కాబట్టి దరఖాస్తు బెల్జియంకే. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకు ఉండాలి. తర్వాత పారిస్ కూడా చూసే ఆలోచన ఉంటే మల్టిపుల్ ఎంట్రీ అడగండి. సింగిల్ ఎంట్రీ అయితే జీబ్రుగ్గెతోనే ఖర్చయిపోతుంది.

విమానం టికెట్ మాత్రం తేదీ మార్చుకునే రకమే కొనండి. షిప్ కట్టే యార్డ్ నుంచి అది ఆలస్యంగా వస్తే నామకరణం తేదీ కూడా మారుతుంది.

నల్లకుంట:
పేరు సంగతి వీసా కంటే ముందు తేల్చుకోండి, ఎందుకంటే గేటు దగ్గర దీన్ని సరిచేసేవాళ్లు ఎవరూ ఉండరు. ఓడరేవుల భద్రతకు అంతర్జాతీయ నియమావళి 2004 జూలై 1 నుంచి అమల్లో ఉంది. అతిథుల పేర్లు ముందే టెర్మినల్ భద్రతా సిబ్బందికి వెళ్తాయి. అక్కడి మనిషి చేతిలో ఉన్న జాబితాను, మీ నాన్నగారి పాస్‌పోర్ట్‌ను పక్కపక్కన పెట్టి చూస్తాడు, అంతే. ఇంటిపేరు అనేది మన ఇళ్లలో ఎలా నడుస్తుందో అతనికి తెలియదు.

చేయాల్సింది ఇది: పాస్‌పోర్ట్ ఫొటో పేజీ అడుగున బాణం గుర్తులతో రెండు లైన్లు ఉంటాయి. అందులో పేరు ఎలా ఉందో అలాగే, అక్షరం తేడా లేకుండా, పాస్‌పోర్ట్ నంబరు, పుట్టిన తేదీతో కలిపి కంపెనీకి మెయిల్ చేయండి. ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే వాళ్ల సిస్టమ్ ఒప్పుకోక, ఉన్న పేరునే రెండుసార్లు వేయడమో ఇంకేదో చేస్తారు. ఏం వేశారో రాతపూర్వకంగా తెప్పించుకుని ప్రింట్ వెంట ఉంచుకోండి. వీసా దరఖాస్తులోనూ విమానం టికెట్‌లోనూ పాస్‌పోర్ట్ పేరే ఉండాలి.

టెర్మినల్ పేరు కూడా అడిగి తెలుసుకోండి. సౌతాంప్టన్‌లో క్రూజ్ టెర్మినల్స్ ఐదు. ఓషన్, క్వీన్ ఎలిజబెత్ 2 టెర్మినల్స్‌కు డాక్ గేట్ 4 దారి, మేఫ్లవర్‌కు గేట్ 10. ట్యాక్సీ ఎక్కాక "క్రూజ్ టెర్మినల్" అంటే సరిపోదు.

సైనిక్‌పురి:
సీసా విషయం. ఇక్కడే చాలామంది నిరాశపడతారు. షిప్ మీద ఉన్నవాళ్లకు సీసా కనిపించదు. ముక్కు భాగం పైకి వెళ్లేకొద్దీ బయటికి విచ్చుకుని ఉంటుంది. సీసా తగిలేది దాని కింద, కాబట్టి రెయిలింగ్ మీంచి ఎంత వంగినా లాభం లేదు, వంగనివ్వరు కూడా. పైగా చాలా వేడుకలు షిప్ లోపలి థియేటర్‌లో జరుగుతాయి. గాడ్‌మదర్ (షిప్‌కు పేరు పెట్టే ముఖ్య అతిథి) వేదిక మీద మీట నొక్కుతారు, సీసా పగలడం తెర మీద వస్తుంది. అందుకని "మా సీట్లు ఒడ్డున వేసే స్టాండ్‌లోనా, థియేటర్‌లోనా?" అని ఇప్పుడే అడగండి. ఒడ్డున అయితే ముక్కు వైపు సీట్లు కోరండి.

నామకరణం తొలి ప్రయాణానికి ముందే జరగాలని కూడా లేదు. క్వీన్ మేరీ 2 అనే షిప్‌కు 2004 జనవరి 8న రెండో ఎలిజబెత్ రాణి పేరు పెట్టారు, తొలి ప్రయాణం 12న. క్వీన్ యాన్ షిప్ మాత్రం 2024 మే 3న ప్రయాణికులతో బయల్దేరింది, నామకరణం జూన్ 3న లివర్‌పూల్‌లో, ఒడ్డున జనం చూస్తుండగా జరిగింది. అలా ఊరి నడిబొడ్డున చేసినప్పుడు ఆహ్వానం లేనివాళ్లకే ఒక్కోసారి మంచి చోటు దొరుకుతుంది.

కూకట్‌పల్లి:
సీసా పగలకపోవడం నిజంగా జరుగుతుందా?

సైనిక్‌పురి:
జరుగుతుందండీ. కోస్టా కాంకోర్డియా షిప్‌కు పగల్లేదు, 2007లో క్వీన్ విక్టోరియా షిప్‌కు కూడా మొదటి సీసా పగల్లేదు. షాంపేన్ సీసా లోపల వాతావరణ పీడనానికి ఐదారు రెట్లు ఒత్తిడి ఉంటుంది. దాన్ని ఆపడానికే గాజు అంత మందం. సీసా కట్టిన తాడు వేగం చాలకపోయినా, సీసా మెడ ముందు తగిలినా, రెండు ఫ్రేముల (షిప్ గోడ లోపలి పక్కటెముకల్లాంటి ఇనుప చట్రాల) మధ్య కొంచెం స్ప్రింగ్‌లా ఆడే రేకు మీద పడినా తిరిగి ఎగిరి వస్తుంది. అందుకే ముందే గాజు మీద కట్టర్‌తో గీత పెడతారు, లోపల ఫ్రేము ఉన్న గట్టి చోటికి గురి చూస్తారు, పెంకులు చెదరకుండా వల తొడుగుతారు. పక్కన ఇంకో సీసా సిద్ధంగా ఉంటుంది. కాబట్టి మొదటిది పగలకపోతే ఫోన్ జేబులో పెట్టేయకండి.

వనస్థలిపురం:
పట్టుచీర హాయిగా కట్టుకోవచ్చు, "ఫార్మల్" అన్న చోట చీరకు ఎవరూ అడ్డు చెప్పరు. ఇబ్బందల్లా గాలితోనే. మేలో కూడా ఒడ్డున చలిగాలి కొడుతుంది, కొంగు ఆగదు. భుజం దగ్గర ఒక్క పిన్ను చాలదు, కుచ్చిళ్లకూ నడుము దగ్గరా పెట్టాలి. కంచి పట్టు బరువుకు నిలుస్తుంది గానీ, పలచటి ఆర్గంజా వద్దు. పైన ఉన్ని కోటు వేసుకోమనండి. షిప్‌లోకి ఎక్కే గ్యాంగ్‌వే నేల అడ్డపట్టీలతో, ఒక్కోచోట జల్లెడలా ఉంటుంది, సన్న హీల్స్ ఇరుక్కుంటాయి. చీర అంచు కూడా చీలమండ పైకే ఉండేలా కట్టుకుంటే మేలు.

శాకాహారులైతే ఇప్పుడే కంపెనీకి రాయండి. గుడ్డు, చేప తినరని విడిగా చెప్పాలి. వేడుక నాడు ట్రేలలో తిప్పే చిరుతిళ్లలో మాంసం లేనివి తక్కువ, కాబట్టి ముందే ఏదైనా తిని వెళ్లమనండి. బీపీ, షుగర్ మందులు చేతిసంచిలోనే ఉండాలి. చెక్-ఇన్‌లో ఇచ్చిన పెట్టెలు వెంటనే గదికి రావు, సాయంత్రం దాకా పట్టవచ్చు.