బార్బడోస్‌లో మెడిసిన్‌కి వెళ్తున్నా, మిక్సీ పట్టుకెళ్ళాలా వద్దా? సీనియర్లు ఎవరైనా ఉంటే చెప్పండి

ఒంగోలు కుర్రాడు:
అందరికీ నమస్తే. జనవరి బ్యాచ్‌లో బార్బడోస్‌లో మెడిసిన్ జాయిన్ అవుతున్నా, కాలేజీ పేరు ఇక్కడ వద్దులెండి. రెండు బ్యాగులు, ఒక్కోటి 23 కేజీలు. మా అమ్మ ఇప్పటికే 750 వాట్స్ మిక్సీ కొత్తది కొనేసింది, రైస్ కుక్కర్, ఇస్త్రీ పెట్టె, నీళ్ళు కాచుకునే రాడ్, ఆవకాయ రెండు కేజీలు, ఇంక పొడులైతే లెక్కే లేదు. నాన్నేమో బట్టలెక్కడ పెడతావ్ రా అని ఒకటే గోల. యూట్యూబ్‌లో చూస్తే అందరూ బీచ్ చూపిస్తారు తప్ప అన్నం ఎలా వండుకుంటారో ఒక్కడూ చూపించడు. అసలు ఏం దొరుకుద్ది, ఏం దొరకదు, బస్సులుంటాయా, ఇంకేమైనా జాగ్రత్తలుంటే చెప్పండి ప్లీజ్. వంట నాకు అన్నం, గుడ్డు అట్టు వరకే వచ్చు.

బజన్ బావ:
తమ్ముడూ, ముందు ఆ మిక్సీ బిల్లు ఉంటే వెనక్కిచ్చెయ్. బార్బడోస్‌లో కరెంటు 115 వోల్టులు, మనది 230. మన మిక్సీ అక్కడ పెడితే కాలిపోదు గానీ ముసలాడు మూలిగినట్టు మూలుగుద్ది, చట్నీ కాదు కదా పెరుగు కూడా చిలకదు. నేను తెచ్చా కాబట్టి చెప్తున్నా, మూడేళ్ళుగా మంచం కింద ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ కొనొచ్చు కదా అంటావేమో, 750 వాట్ల మోటారుకి కనీసం దానికి రెట్టింపుది కావాలి, అది మిక్సీ కంటే బరువు, రేటు కూడా అంతే. రైస్ కుక్కర్, ఇస్త్రీ పెట్టె, రాడ్ మూడూ అంతే, ఇంట్లోనే వదిలెయ్. ఫోను, ల్యాప్‌టాప్ చార్జర్లకి భయం లేదు, వాటి మీద సన్న అక్షరాల్లో 100-240 అని ఉంటుంది చూసుకో, ఉంటే చాలు. సాకెట్లు అమెరికా టైపు, రెండు చదును పిన్నులు, అడాప్టర్లు నాలుగు తెచ్చుకో, ఒకటి నీ రూమ్మేట్ ఎలాగూ ఎత్తుకెళ్తాడు.

గ్యాస్ మీద పెట్టే మామూలు విజిల్ కుక్కర్ మాత్రం కచ్చితంగా తెచ్చుకో, మూడు లీటర్లది. గాస్కెట్లు రెండు ఎక్స్‌ట్రా. ఆ గాస్కెట్ పోతే ఇక్కడ వెతుక్కునేసరికి నీ బ్లాక్ ఎగ్జామ్ అయిపోతుంది.

గ్రాండ్ ఆన్స్ గాయత్రి:
ఒక్క నిమిషం, వేరే దీవులకి వెళ్ళేవాళ్ళు ఇది చదివి మిక్సీలు వెనక్కి ఇచ్చేయకండి బాబూ. మాది గ్రెనడా, ఇక్కడ 230 వోల్టులే, సాకెట్లు ఇంగ్లాండు టైపు, మూడు లావు పిన్నులు. నా మిక్సీ విజయవాడలో ఎలా తిరిగేదో ఇక్కడా అలాగే తిరుగుతోంది. డబ్బు కూడా వేరు, మాకు ఈసీ డాలర్ (ఈస్టర్న్ కరీబియన్ డాలర్), ఒక అమెరికా డాలర్‌కి 2.70. బార్బడోస్‌లో వాళ్ళ సొంత డాలర్, ఒకటికి రెండు. కరీబియన్ అంటే అందరూ ఒకే ఊరనుకుంటారు, గుంటూరు, గౌహతి ఒకటే అన్నట్టు. ఏ దీవో చెప్పి అడగండి ఎప్పుడైనా.

బజన్ బావ:
కరెక్ట్ గాయత్రీ. తమ్ముడూ నువ్వు రేట్లు చూసి గుండె పట్టుకోకు, షెల్ఫ్ మీద ఉన్నది బార్బడోస్ డాలర్లు, సగం చేస్తే అమెరికా డాలర్లు. సగం చేసినా గుండె పట్టుకుంటావ్, అది వేరే సంగతి. తిండి చాలా భాగం ఓడల్లో దిగుమతి. మొదటి వారం కాలీఫ్లవర్ చేతిలోకి తీసుకుని రేటు చూసి మళ్ళీ మెల్లగా పక్కన పెట్టేశా, దొంగతనం చేసినోడిలా అటూ ఇటూ చూసి.

అందుకే సూపర్‌మార్కెట్లో పప్పు, బియ్యం, పాలు, గుడ్లు కొను, కూరగాయలకి శనివారం పొద్దున్నే రాజధాని బ్రిడ్జ్‌టౌన్‌లో చీప్‌సైడ్ మార్కెట్‌కి పో. ఈ దీవి 13 డిగ్రీల అక్షాంశం మీద ఉంది, మన తిరుపతికి కాస్త కిందన్నమాట, కాబట్టి పండేవన్నీ మనకి తెలిసినవే, పేర్లే వేరు. ఎడోస్ అంటే చేమదుంపలు. ఓక్రా అంటే బెండకాయ. బ్రెడ్‌ఫ్రూట్ సీమపనస, వేపుడు చేస్తే బంగాళాదుంప అక్కర్లేదు. డంక్స్ అని అమ్ముతారు, నేను ఏదో కొత్త పండు అనుకుని కొరికితే రేగుపండు! పిజన్ పీస్ అంటే కందులే, పచ్చివి దొరుకుతాయి సీజన్లో. గోల్డెన్ యాపిల్ అని ఉంటుంది, పచ్చిగా ఉన్నప్పుడు పప్పులో మామిడికాయ బదులు వేస్తే పులుపు సరిపోద్ది.

ఒక మోసం మాత్రం చూసుకో. స్ప్లిట్ పీస్ అని పసుపు పప్పు ప్యాకెట్ ఉంటుంది, చూడ్డానికి అచ్చం కందిపప్పులా ఉంటుంది, అది బఠాణీ పప్పు. మూడు విజిల్స్‌కి తీశావో పళ్ళ కింద గులకరాళ్ళే. అసలు కందిపప్పు, ఆవాలు, ఇంగువ కావాలంటే స్వాన్ స్ట్రీట్ వైపు గుజరాతీ వాళ్ళ షాపుల్లో అడుగు, వాళ్ళ తాతల కాలం నుంచి ఇక్కడే వ్యాపారం.

కీసర కిరణ్మయి:
గోంగూర గురించి చెప్పవేంటి అన్నా, అసలు పాయింట్ అదే కదా 😄 నేను చెప్తా. డిసెంబర్ వచ్చిందంటే మార్కెట్ అంతా సారెల్ అని ఎర్రటి కాయలు బస్తాల్లో పోస్తారు, క్రిస్మస్‌కి వాటిని దాల్చినచెక్క, అల్లం వేసి మరిగించి తాగుతారు. ఫస్ట్ ఇయర్‌లో నేను ఒక బస్తా ముందు ఆగిపోయి ఐదు నిమిషాలు చూస్తూ నిలబడ్డా, కాయకి ఇంకా ఒక రెమ్మ ఆకు అంటుకుని ఉంది, నలిపి వాసన చూశా, నోట్లో వేసుకున్నా, ఎర్ర గోంగూర! అదే మొక్క. అమ్మే ఆంటీని ఆకులున్నాయా అంటే నవ్వి, ఆకులేం చేసుకుంటావ్ పిల్లా, మేం పారేస్తాం అంది. తర్వాతి శనివారం నిజంగానే ఒక క్యారీబ్యాగ్ నిండా తెచ్చింది, రెండు డాలర్లు తీసుకుంది, ఏం చేస్తావో నాక్కూడా తెచ్చిపెట్టాలి అని కండిషన్. పచ్చడి చేసి చిన్న డబ్బాలో ఇచ్చా. వేలితో తీసి నాకి, పులుపు బాగుంది, కారం చాల్లేదు అంది! వాళ్ళ బానీ పెప్పర్ తిన్నాక మన గుంటూరు మిరపకాయ వాళ్ళకి లెక్కే లేదు. కాబట్టి ఆవకాయ రెండు కేజీలు వద్దు, అరకేజీ చాలు, గట్టి డబ్బాలో, రెండు కవర్లు చుట్టి. నాది లండన్‌లో పగిలి తెల్లకోటు మీద మ్యాపు గీసింది, ఇప్పటికీ ఉంది.

ఆ లండన్ అంటే గుర్తొచ్చింది, లండన్ మీదుగా టికెట్ తీసుకుంటే ఎయిర్‌పోర్ట్ బయటకి రాకపోయినా మనకి ట్రాన్సిట్ వీసా కావాలి. అమెరికా వీసా చెల్లుబాటులో ఉన్నవాళ్ళ లాంటి కొందరికి మినహాయింపు ఉంది, యూకే గవర్నమెంట్ సైట్‌లో చూసుకుని టికెట్ బుక్ చెయ్, ఏజెంట్ మాట మీద చెయ్యకు.

ఒంగోలు కుర్రాడు:
అక్కా, అన్నా, థాంక్యూ సో మచ్. మిక్సీ మాట చెప్తే అమ్మ మొహం మాడ్చుకుంది. ఇంకో రెండు డౌట్లు. బస్సు ఎలా? బట్టలు ఎలాంటివి తెచ్చుకోవాలి? నా దగ్గర మిలిటరీ డిజైన్ కార్గో ప్యాంట్లు రెండున్నాయి, జేబులెక్కువ కదా ల్యాబ్‌కి బాగుంటాయని...

బజన్ బావ:
ఒరేయ్ ఆ ప్యాంట్లు ఇంట్లోనే పడెయ్! బార్బడోస్‌లో సైన్యం తప్ప ఇంకెవరూ మిలిటరీ మచ్చల బట్టలు వేసుకోకూడదు, చట్టం. టోపీ అయినా, బ్యాగైనా, చిన్నపిల్లల చొక్కా అయినా అంతే. ఎయిర్‌పోర్ట్‌లోనే ఆపుతారు.

కాటన్ బట్టలు తెచ్చుకో, ప్లస్ ఒక మంచి స్వెట్టర్. ఎండ దేశంలో స్వెట్టరేంటని నేనూ నవ్వా. లెక్చర్ హాల్లో ఏసీ పెట్టే చలికి మొదటి వారం నోట్స్ రాయలేక వేళ్ళు చంకలో పెట్టుకుని కూర్చున్నా. తెల్లకోట్లు రెండు మన ఊళ్ళోనే కుట్టించుకో. అనాటమీ ల్యాబ్‌కి పాత బట్టలు ఒక జత విడిగా పెట్టుకో, ఫార్మలిన్ వాసన ఎన్ని ఉతుకులకీ పోదు, ఆ జత వేసుకుని బస్సెక్కితే నీ పక్క సీటు ఎప్పుడూ ఖాళీనే.

బస్సులు మూడు రకాలు. నీలం రంగువి గవర్నమెంట్‌వి, పసుపువి ప్రైవేటు మినీబస్సులు, తెల్ల వ్యాన్లు జెడ్‌ఆర్ అంటారు, నంబర్ ప్లేటు ఆ అక్షరాలతో మొదలవుతుంది కాబట్టి. దేంట్లో అయినా ఎంత దూరమైనా మూడున్నర డాలర్లు, నేను ఉన్నప్పట్నుంచీ అదే. నీలం బస్సులో చిల్లర తిరిగివ్వరు, సరిగ్గా పట్టుకెళ్ళు. జెడ్‌ఆర్ అంటే మన షేర్ ఆటో అనుకో, ముగ్గురు పట్టే సీట్లో నలుగురు, పాటలు గుండెల్లో మోగుతాయి, కానీ తొందరగా వస్తుంది. స్టాప్ బోర్డు మీద టు సిటీ, అవుట్ ఆఫ్ సిటీ అని రాసుంటుంది, సిటీ అంటే బ్రిడ్జ్‌టౌన్, అంతే, అది అర్థమైతే దీవంతా తిరగొచ్చు. మొత్తం 34 కిలోమీటర్ల పొడవు, తప్పిపోయినా ఎంత దూరం పోతావ్.

అన్నిటికన్నా ముఖ్యమైంది ఇది. బస్సెక్కినా, షాపులోకెళ్ళినా, క్లినిక్‌లో కూర్చున్నా ముందు గుడ్ మార్నింగ్ అనాలి, అందరికీ వినపడేలా. నాకు తెలీక ఫార్మసీలో నేరుగా పారాసిటమాల్ ఉందా అని అడిగా, కౌంటర్లో పెద్దావిడ నా వైపు చూస్తూనే ఉంది, కదల్లేదు. మళ్ళీ అడిగా. అప్పుడు తనే మెల్లగా గుడ్ మార్నింగ్ అంది, నేను తల దించుకుని గుడ్ మార్నింగ్ అన్నా, అప్పుడు లేచి ఇచ్చింది. రాత్రైతే ఎదురుపడగానే గుడ్ నైట్ అంటారు, పొమ్మని కాదు, పలకరింపే.

ఓరుగల్లు నాన్న:
నా బిడ్డ అక్కడ మూడో సంవత్సరం చదువుతాంది. బాబూ, కూరగాయల సంగతి సరే గని, నువ్వు రేపు ఇండియాకొచ్చి ప్రాక్టీసు చేద్దామనుకుంటున్నవా, అమెరికా పోదామనుకుంటున్నవా, అది ఇప్పుడే తేల్చుకో. మన ఎన్ఎంసీ, అంటే డాక్టరు చదువుల సంగతి చూసే నేషనల్ మెడికల్ కమిషన్, 2021 నవంబర్ల రూలు తెచ్చింది. కోర్సు 54 నెలలకు తగ్గొద్దు, ఆపైన 12 నెలల ఇంటర్న్‌షిప్ అదే కాలేజీల చెయ్యాలె, ట్రైనింగుల ఏ ముక్కా వేరే దేశంల చెయ్యొద్దు, ఆ దేశంల అక్కడోళ్ళ లెక్కనే డాక్టరు లైసెన్సు రావాలె. కరీబియన్ కాలేజీలు చానా వరకు రెండేండ్లు దీవిల చదివిచ్చి క్లినికల్స్‌కు, అంటే దవాఖానల ట్రైనింగుకు, అమెరికా పంపిస్తయ్, అమెరికాకు అది మంచిదే, ఇండియాకు అదే అడ్డం పడ్తది. నీట్ క్వాలిఫై కావుడు ఎట్లాగూ ఉండాలె. కన్సల్టెన్సీ ఆయన మాకు చెప్పింది ఒకటి, కాయితం మీద ఉన్నది ఒకటి, ఇంక ఎక్కువ చెప్ప, నాకు బీపీ పెరుగుతది. ఆ రూలు తెచ్చుకొని మీ నాయిన, నువ్వు కూసొని సదువుకోండ్రి.

బజన్ బావ:
అంకుల్ చెప్పింది వంద శాతం. నేను అమెరికా దారిలో ఉన్నా, దానికి కాలేజీ అక్రెడిటేషన్ ఏంటో, స్టెప్ పరీక్షలకి (అమెరికాలో డాక్టర్ లైసెన్సు పరీక్షలు) అర్హత ఉందో లేదో ఫీజు కట్టే ముందే చూసుకో.

కీసర కిరణ్మయి:
తుఫాను సంగతి ఎవరూ చెప్పలేదు. జూన్ నుంచి నవంబర్ వరకు సీజన్. 2024 జూన్ 29న ఇక్కడి కెన్సింగ్టన్ ఓవల్‌లో మనోళ్ళు టీ20 వరల్డ్ కప్ గెలిచిన రోజు మేం టికెట్ దొరక్క రూంలో పది మంది ఒక ల్యాప్‌టాప్ చుట్టూ కూర్చుని చూశాం, అరుపులకి కిందింటి ఆవిడ కూడా పైకొచ్చి డాన్స్ చేసింది. మర్నాడు ఆదివారం సూపర్‌మార్కెట్‌కి వెళ్తే బ్రెడ్ షెల్ఫ్ ఖాళీ, నీళ్ళ సీసాలు ఖాళీ. సోమవారం బెరిల్ తుఫాను మా దక్షిణం పక్క నుంచి వెళ్ళింది, అసలు దెబ్బ గ్రెనడా వాళ్ళ కారియకూ దీవికి తగిలింది, ఇక్కడ పాపం చేపల పడవలు చాలా పోయాయి. ఎయిర్‌పోర్ట్ మూసేస్తే టీం ఇండియా కూడా మాతోపాటే ఇరుక్కుంది. మా అమ్మ ఫోన్ చేసి, రోహిత్ శర్మ ఉన్న చోటే ఉన్నావు కదా ఏం కాదులే అంది, ఏం లాజిక్కో. ఎప్పుడూ నాలుగు రోజుల నీళ్ళు, టార్చ్, పవర్‌బ్యాంక్, బిస్కెట్లు రూంలో పెట్టుకో. మామూలు రోజుల్లో కుళాయి నీళ్ళు నేరుగా తాగొచ్చు, బాటిళ్ళు కొని డబ్బు తగలెయ్యకు.

బీచ్‌లో మాంచినీల్ అని చెట్టుంటుంది, చిన్న పచ్చ యాపిల్స్ లాంటి కాయలు, చాలా చోట్ల మొద్దుకి ఎర్ర రంగు పూస్తారు. కాయ విషం, చెట్టు పాలు తగిలితే బొబ్బలు, వానొస్తే దాని కింద నిలబడినా ఒళ్ళు మండుద్ది.

గ్రాండ్ ఆన్స్ గాయత్రి:
ఇల్లు అద్దెకి తీసుకునేటప్పుడు ప్రతి గోడా వీడియో తీసి ఓనర్‌కి ఆ రోజే పంపించు. నేను తియ్యలేదు, నా డిపాజిట్‌లో సగం ఎప్పుడో పడిన గీతలకి పోయింది.

ఒంగోలు కుర్రాడు:
అందరికీ నమస్తే, వచ్చేసి తొమ్మిది రోజులైంది. మిక్సీ మా పిన్నికిచ్చేశాం, అమ్మ నాలుగు రోజులు కూర్చుని కందిపొడి, కరివేపాకు పొడి, నువ్వుల పొడి అన్నీ ఆడించి ఇచ్చింది. ఎయిర్‌పోర్ట్‌లో ఇమ్మిగ్రేషన్ ఆవిడకి గుడ్ ఆఫ్టర్‌నూన్ అన్నా, నవ్వి స్టాంపు వేసింది. కానీ ఒక్క విషయం మీరెవరూ చెప్పలేదు, మొదటి రాత్రి కిటికీ బయట ఈలలు మొదలయ్యాయి, ఏదో మిషను పాడైందనుకుని ఓనర్‌ని లేపా. కప్పలంట! గోరంత కప్పలు, తెల్లార్లూ ఈల వేస్తాయంట. ఇక్కడ రాత్రి ఎనిమిదంటే మనకి పొద్దున్న ఐదున్నర కదా, అమ్మ పాలు కాచే టైంకి ఫోన్ చేసి వినిపిస్తే పిండిమర పక్కన ఇల్లిచ్చారా నాన్నా అంది.

సారెల్ ఆకులమ్మే ఆంటీ చీప్‌సైడ్‌లో ఏ వైపు కూర్చుంటుంది కిరణ్మయక్కా?

కీసర కిరణ్మయి:
లోపలికి వెళ్ళగానే కుడి పక్క, పసుపు గొడుగు. సీజన్ అయిపోతోంది, ఈ శనివారమే వెళ్ళు. ముందు గుడ్ మార్నింగ్ అను.