బతికున్న రచయిత పుస్తకానికి పేరడీ: చనువా, చోరీయా?

పుటమడత: నిరుడు బాగా అమ్ముడుపోయిన ఒక నవలకు మా మిత్రుడు 120 పేజీల పేరడీ రాశాడు. అచ్చు వేయించి అమ్ముతాడట. అసలు రచయిత పుస్తకం ఇంకా దుకాణాల్లోనే ఉంది. ఇది న్యాయమేనా?

పాతకాగితం: నిక్షేపంగా. రిచర్డ్‌సన్ ఇంగ్లిష్ నవల ‘పమేలా’ 1740లో వస్తే, దాన్ని వెక్కిరిస్తూ ఫీల్డింగ్ ‘షామెలా’ 1741లోనే వచ్చింది. అసలు వాక్యం పాఠకుడి చెవిలో మోగుతుండగానే పేరడీ పండుతుంది. యాభై ఏళ్లు ఆగితే నవ్వడానికి ముందు వివరణ చదువుకోవాలి.

ఎర్రసిరా: ఫీల్డింగ్ దాన్ని సొంత పేరుతో వేయలేదు. అంత న్యాయమైతే ఆ ముసుగెందుకో! రష్యన్ నవల ‘తాన్యా గ్రోటర్’నూ హ్యారీ పోటర్‌కు పేరడీ అనే సమర్థించుకున్నారు. 2003లో నెదర్లాండ్స్ కోర్టు ఒప్పుకోలేదు, డచ్ అనువాదం ఆగిపోయింది. కుర్రాడిని పిల్లను చేసి, చీపురు బదులు డబుల్ బేస్ అనే పెద్ద తంత్రీవాద్యం ఎక్కించినంత మాత్రాన పేరడీ అయిపోదు.

పాతకాగితం: ముసుగు భయంతోనే వేసుకుంటారా? ఆటకూ వేసుకుంటారు.

కొసమెరుపు: పేరడీలకు పేరుపడ్డ జరుక్ శాస్త్రి ఉండగా మనకు కోర్టుల దాకా ఎందుకు? శ్రీశ్రీ ఆయనకు సమకాలికుడే. నవకవితకు సిందూరం, రక్తచందనం కావాలని శ్రీశ్రీ పిలుపునిస్తే, శాస్త్రి అదే నడకలో మాగాయి, కందిపచ్చడి తెచ్చి పెట్టాడు. అరువు తెచ్చుకున్నది నడక ఒక్కటే, సరుకు సొంతం. మీ మిత్రుడి రాతలో పాత్రల పేర్లు కొట్టేసి చదవండి. రచయిత పోకడ పట్టుబడితే పేరడీ. కథ మాత్రమే గుర్తొస్తే కాపీ.

ఎర్రసిరా: శాస్త్రిది ఒక చిన్న కవిత. ఇక్కడ 120 పేజీలు! వెక్కిరింత అంత దూరం నడవదు, ఏదో ఒక కథ దాన్ని మోయాలి. ఆ కథ ఎవరిది?

కొసమెరుపు: కాదనలేను. టోల్కీన్ బతికుండగానే, ఆయన ‘లార్డ్ ఆఫ్ ద రింగ్స్’కు పేరడీగా 1969లో వచ్చిన ‘బోర్డ్ ఆఫ్ ద రింగ్స్’ మొదటి పేజీలకు నేను పడీపడీ నవ్వాను. సగానికి వచ్చేసరికి ఆవులింతలు.

పుటమడత: పేర్లు కొట్టేసి చదివాను. ఆ రచయితకు ప్రతి అధ్యాయం చివరా వాన కురిపించే అలవాటుంది. ఆకాశంలో మబ్బు లేకపోవడంతో మావాడు కథానాయకుడి చేత కుళాయి తిప్పించాడు. పగలబడి నవ్వాను. అది తొమ్మిదో పేజీ. అక్కడినుంచి నలభై పేజీలు అచ్చంగా ఆ నవలే. ఎలా ఉందని అడగడానికి ఉదయం నుంచి రెండుసార్లు ఫోను చేశాడు, ఎత్తలేదు.