ముందు చక్రాల కారుకు డ్రాగ్ స్లిక్సా, డ్రాగ్ రేడియల్సా?

జడ్చర్ల_టర్బో:
అన్నలారా, నాది ట్యూన్ చేయించిన పోలో 1.0 టీఎస్ఐ, మాన్యువల్. ఎయిర్‌స్ట్రిప్ మీద 402 మీటర్ల డ్రాగ్ రన్‌కు (తిన్నగా పరుగెత్తే కార్ల పందెం) పేరు ఇచ్చాను. లాంచ్‌లో (నిలబడ్డ చోటు నుంచి బయల్దేరేటప్పుడు) ముందు చక్రాలు తిరుగుతూనే ఉంటాయి, బండి మాత్రం కదలదు. బయాస్ ప్లై స్లిక్స్ (గాడులే లేని, పక్కగోడ ముడిచే రేస్ టైర్లు) తెప్పిద్దామని నేను, డ్రాగ్ రేడియల్స్ (కొద్దిపాటి గాడులున్న రేస్ టైర్లు) చాలని మా దోస్తు. మీరేమంటారు?

పాలమూరు_402:
స్లిక్సే. మాన్యువల్ అన్నావు కదా తమ్మీ. క్లచ్ ఒక్కసారి వదిలితే వచ్చే దెబ్బకు బయాస్ టైరు పక్కగోడ ముడతలు పడి, కొంత మింగి, మిగతాది నేలకు దింపుతుంది. రేడియల్ గోడ అంతగా ముడవదు. జారనంతసేపు బాగుంటుంది. జారిందా, యాక్సిలరేటర్ వదిలితే తప్ప మళ్లీ పట్టు దొరకదు.

నల్గొండ_గేర్‌బాక్స్:
టైరు గురించి అన్న చెప్పింది నిజమే. కానీ ఏ నేల మీద? స్లిక్‌కు అసలు బలం జిగురు కొట్టి, రబ్బరు పరిచిన ట్రాక్ మీదే. జిగురు లేని రన్‌వే మీద ఆ మెత్తటి రబ్బరు దుమ్మును అద్దుకుంటుంది, అంతే. పెట్టిన డబ్బులు దుమ్ములోకే.

ఇంకోటి, ఎవరూ అడగని సంగతి. లాంచ్‌లో బరువు వెనక్కి పోతుంది. నీ పవర్ ఉన్నదేమో ముందు. అయినా పట్టు దొరికిందనుకో, తర్వాత విరిగేది చక్రాన్ని తిప్పే డ్రైవ్‌షాఫ్టో, దాని చివరి సీవీ జాయింటో. ఇప్పుడు చక్రం జారడమే వాటికి ఫ్యూజులాగా పనిచేస్తోంది.

మిర్యాల_రైడర్:
అరిగి గుండయిన టైర్లు మా షెడ్‌లో బోలెడున్నాయి. గాడులు లేవు కదా, అవే ఫ్రీ స్లిక్స్ కావా? 😄

నల్గొండ_గేర్‌బాక్స్:
కావు బాబూ. పట్టు గాడులు లేకపోవడం వల్ల రాదు, మెత్తటి రబ్బరు వల్ల వస్తుంది. రోడ్డు టైరు రబ్బరే గట్టిది, పాతబడే కొద్దీ ఇంకా బిగుసుకుంటుంది. పైగా కారు టైరుకు కనీసం 1.6 మి.మీ. గాడి ఉండాలని రూలు.

పాలమూరు_402:
బయట దేశాల్లో హోండా సివిక్‌లు ముందు చక్రాలకు స్లిక్స్ వేసుకునే పరుగెడుతున్నాయి. మరి అవి కార్లు కావా?

నల్గొండ_గేర్‌బాక్స్:
కార్లే అన్నా. కానీ గట్టిగా పరిగెత్తించేవాళ్లు షాఫ్ట్‌లు కూడా మార్చుకుంటారు. తమ్ముడి షాఫ్ట్‌లు కంపెనీవే.

జడ్చర్ల_టర్బో:
షాఫ్ట్‌లకు ఇప్పుడు బడ్జెట్ లేదు. రేడియల్స్ అయితే గాలి ఎంత పెట్టాలి? ముందు ఎన్‌హెచ్ 44 మీద ఒకసారి చూసుకుందామని ఉంది.

నల్గొండ_గేర్‌బాక్స్:
హైవే మీద వద్దు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 189 కింద మొదటిసారికే మూడు నెలల దాకా జైలు, 5,000 దాకా జరిమానా పడొచ్చు. రేస్ టైర్లు డిక్కీలో వేసుకుని పో, అక్కడే మార్చుకో. వాన పడితే ఆ కొద్దిపాటి గాడులు నీళ్లను తోసెయ్యలేవు.

గాలి 20 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్క పాయింట్ దించు. నేల మీద నల్లగీత చూడు: నడిమధ్య ముదురుగా ఉంటే గాలి ఎక్కువ, రెండు అంచులే ముదురుగా ఉంటే తక్కువ. హ్యాండ్‌బ్రేక్ లాగి చిన్న బర్నవుట్ (నిలబడ్డ చోటే చక్రాలు తిప్పి టైరు వేడెక్కించడం) చాలు, పొగ గుప్పుమనేదాకా కాల్చకు.

పాలమూరు_402:
నేను ఒప్పుకోలేదు సుమా. టైమ్ స్లిప్‌లో (రన్ తర్వాత ఇచ్చే టైమ్‌ల చీటీ) మొదటి 60 అడుగులకు పట్టిన టైమ్ ఇక్కడ పెట్టు తమ్మీ, అప్పుడు మాట్లాడదాం. మొత్తం టైమ్ నాకొద్దు, అందులో నీ ట్యూనింగ్ కూడా కలుస్తుంది.