హైదరాబాద్–విజయవాడ: నెక్సాన్ ఈవీకి సూర్యాపేటలో ఒక్క ఛార్జ్ చాలా?

ప్రశ్న: సంక్రాంతికి అమ్మానాన్నలతో ఎల్బీనగర్ నుంచి బయలుదేరుతున్నాం. బ్యాటరీ 30.2 కిలోవాట్ అవర్. వంద స్పీడ్ మీద వెళ్తే ఛార్జ్ గబగబా దిగిపోతోంది. దారిలో ఆగిపోతామేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు 1: చాలండీ, 80 దాటకపోతే. గాలి నిరోధం వేగం వర్గాన్ని (స్క్వేర్‌ని) బట్టి పెరుగుతుంది. 80 నుంచి 100కి వెళ్తే అది ఒకటిన్నర రెట్లు పైనే అవుతుంది. ఏసీ కన్నా వేగమే ఎక్కువ తింటుంది. పెద్దవాళ్ళున్నారు, దయచేసి ఏసీ మాత్రం ఆపకండి. ప్లగ్ తీయకముందే కారు చల్లబరచండి. టైర్లలో గాలి తప్పకుండా చూసుకోండి. సూర్యాపేటలో 80 శాతం దాకా ఎక్కించి కదలండి, ఆపైన ఫాస్ట్ ఛార్జింగ్ బాగా నెమ్మదిస్తుంది. అక్కణ్ణుంచి విజయవాడ 135 కిలోమీటర్లే.

జవాబు 2: పండగ రోజుల్లో ఛార్జర్ దగ్గర క్యూ ఉంటుంది. సూర్యాపేట చేరేసరికి పాతిక శాతమైనా మిగలాలి, అప్పుడే కోదాడలో ఇంకో ఛార్జర్ వెతుక్కోవచ్చు.

ప్రశ్న అడిగినవారు: ఇంట్లో 100 శాతం పెట్టవచ్చా అండీ?

జవాబు 1: ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) బ్యాటరీయే కదా, నిండా ఎక్కించినా తట్టుకునే రకం, పెట్టండి. బయలుదేరే వేళకు నిండేలా రాత్రి స్లో ఛార్జింగ్ చాలు.